సీఎన్‌సీ లేత్‌లో స్పిండిల్ స్పీడ్ రేంజిలు: తరచుగా అడిగే ప్రశ్నలు

మడికొండ, రామగుండం, కరీంనగర్ షెడ్లలో జాబ్ వర్క్ ఒక్క తీరుగా రాదు. పొద్దున రైస్ మిల్లు షాఫ్టు, మధ్యాహ్నం బోరు పంపు కప్లింగు, సాయంత్రం బొగ్గు కన్వేయర్ రోలరు. 12 మి.మీ. రాడ్డు దించి 150 మి.మీ. ఫ్లాంజి ఎక్కించే చోట స్పిండిల్ (జాబ్‌ను తిప్పే ఇరుసు) రేంజి సంగతి తెలియకుండా మిషన్ నడిపితే ఇన్సర్ట్‌లు (బిట్టు మొనకు బిగించే కార్బైడ్ ముక్కలు) పోతాయి, డ్రైవ్ (మోటరు స్పీడ్‌ను నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) ట్రిప్ అవుతుంది. ఒక్కోసారి జాబ్, దాన్ని బిగించి పట్టే చక్‌లోంచి ఎగిరిపడుతుంది కూడా.

కోడ్‌లను ఇక్కడ పలికినట్టు తెలుగులో రాశాం. మిషన్‌లో కొట్టేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి. ఫానుక్ కంపెనీ లేత్ కంట్రోలర్‌లో (మిషన్‌ను నడిపే కంప్యూటర్) ఎక్కువగా వాడే ‘ఏ’ పద్ధతి కోడ్‌లే తీసుకున్నాం. వేరే కంట్రోలర్‌లో తేడా ఉన్న చోట ఆ సంగతి చెప్పాం.

అసలు రేంజి అంటే ఏంది? ఎం41, ఎం42 కొడితే ఏం జరుగుతుంది?

మోటరు ఎన్ని చుట్లు తిరిగితే స్పిండిల్ ఒక చుట్టు తిరుగుతుందనే నిష్పత్తే రేంజి. ఎం41 అంటే ‘లో’ (తక్కువ స్పీడ్) రేంజి, ఎం42 అంటే ‘హై’ (ఎక్కువ స్పీడ్) రేంజి. నాలుగు గేర్లున్న పెద్ద మిషన్లలో ఎం43, ఎం44 కూడా ఉంటాయి. ఎం నంబర్లను మిషన్ తయారుచేసినవాళ్లు నిర్ణయిస్తారు కాబట్టి మీ మిషన్ పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

రేంజి మారే తీరు మూడు రకాలు. మొదటిది హెడ్‌స్టాక్‌లో (స్పిండిల్ ఉండే పెట్టె) గేర్లు జరగడం, దీన్ని ఎక్కువగా హైడ్రాలిక్ సిలిండర్ చేస్తుంది. రెండోది గేర్లు లేకుండా మోటరు వైండింగ్ కనెక్షన్ మారడం. ఇందులో చుట్ల నిష్పత్తి మారదు, మోటరు బలం ఇచ్చే తీరే మారుతుంది. ప్యానెల్‌లో కాంటాక్టరు టక్కుమంటుంది, హెడ్‌స్టాక్‌లో మాత్రం ఏ చప్పుడూ ఉండదు. మూడోది పాత లేత్‌ను సీఎన్‌సీగా మార్చినప్పుడు కనిపించే పద్ధతి: చేత్తో బెల్టు ఒక పుల్లీ మెట్టు నుంచి ఇంకో మెట్టుకు వేయడం. మూడింటికీ రిపేరు వేరు కాబట్టి మీది ఏ రకమో ముందే తెలిసి ఉండాలి.

600 ఆర్పీఎం (నిమిషానికి 600 చుట్లు) రెండు రేంజిల్లోనూ వస్తుంది. ఏది పెట్టాలి?

మా దృష్టిలో ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. ఆర్పీఎం రెంటిలోనూ ఒకటే అయినా తిప్పే బలం (టార్క్) ఒకటి కాదు.

ఒక లెక్క వేద్దాం. మోటరు 7.5 కిలోవాట్లు, బేస్ స్పీడ్ 1500 ఆర్పీఎం, గరిష్ఠం 4500. హై రేంజి 1:1, లో రేంజి 4:1. బేస్ స్పీడ్ దాకా మోటరు టార్క్ మారదు, ఆ పైన పవర్ మారదు. టార్క్ కావాలంటే కిలోవాట్లను 9550తో గుణించి ఆర్పీఎంతో భాగించాలి. 7.5 × 9550 ÷ 1500 = సుమారు 48 న్యూటన్ మీటర్లు. హై రేంజిలో 1500 లోపు ఏ స్పీడ్‌లోనైనా స్పిండిల్‌కు అందేది అంతే.

ఇప్పుడు జాబ్ సంగతి. 80 మి.మీ. ఈఎన్8 (మధ్యస్థ కార్బన్ స్టీలు) షాఫ్టు, కటింగ్ స్పీడ్ నిమిషానికి 160 మీటర్లు. ఆర్పీఎం = 1000 × 160 ÷ (3.14 × 80) = సుమారు 637. కట్ లోతు 3 మి.మీ., ఫీడ్ చుట్టుకు 0.3 మి.మీ. ఈ స్టీలుకు చదరపు మిల్లీమీటరుకు సుమారు 2000 న్యూటన్లు పట్టుకుంటే బిట్టు మీద బలం 3 × 0.3 × 2000 = 1800 న్యూటన్లు. షాఫ్టు వ్యాసార్ధం 0.04 మీటరు కాబట్టి కావలసిన టార్క్ 72 న్యూటన్ మీటర్లు, పవర్ 4.8 కిలోవాట్లు.

7.5 కిలోవాట్ల మోటరుకు 4.8 ఎంత అనిపిస్తుంది. కానీ హై రేంజిలో 637 ఆర్పీఎం దగ్గర ఆ మోటరు ఇచ్చేది 48 న్యూటన్ మీటర్లే, అంటే 3.2 కిలోవాట్లు. లోడ్ మీటరు 150 శాతం దగ్గరికి పోతుంది. కొద్దిసేపు లాగినా తర్వాత స్పీడ్ పడిపోవడమో, ఓవర్‌లోడ్ అలారమో తప్పదు. అదే లో రేంజిలో మోటరు 2550 ఆర్పీఎంలో తిరుగుతుంది. మోటరు దగ్గర టార్క్ 28 న్యూటన్ మీటర్లే అయినా గేరు దాన్ని నాలుగింతలు చేసి స్పిండిల్‌కు 112 ఇస్తుంది. లోడ్ మీటరు 65 శాతం దగ్గర నిలకడగా ఉంటుంది.

రఫింగ్‌లో మిషన్ మూలుగుతుంటే చాలామంది ఫీడ్ తగ్గిస్తారు. ముందు రేంజి చూడండి, ఫీడ్ సంగతి తర్వాత.

మరి ఏ ఆర్పీఎం దగ్గర రేంజి మార్చాలి?

పై మోటరుతోనే చెప్పాలంటే లో రేంజి గరిష్ఠం 4500 ÷ 4 = 1125. అందులో 375 నుంచి 1125 దాకా పూర్తి 7.5 కిలోవాట్లు దొరుకుతాయి. 375 కంటే కింద టార్క్ 191 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతుంది. హై రేంజిలో పూర్తి పవర్ 1500 నుంచే మొదలు.

1125కూ 1500కూ మధ్య ఒక గుంత ఉంటుంది. అక్కడ హై రేంజి తప్ప గతి లేదు, పవర్ మాత్రం 1125 దగ్గర 5.6 కిలోవాట్లే. రఫింగ్ లెక్క ఈ గుంతలో పడితే కటింగ్ స్పీడ్ కాస్త తగ్గించి 1100కు దించి లో రేంజిలో చేయడం మేలు. మీ మిషన్ పుస్తకంలో స్పిండిల్ పవర్, టార్క్ గీతల బొమ్మ ఉంటుంది. దాన్ని ఫొటోకాపీ తీసి ప్యానెల్ తలుపుకు అంటించండి.

ఫేసింగ్‌లో బయట నున్నగా వస్తుంది, మధ్యకు పోయేసరికి గీరినట్టు అవుతుంది. ఎందుకు?

జీ96 పెట్టినప్పుడు కంట్రోలర్ కటింగ్ స్పీడ్‌ను నిలకడగా ఉంచడానికి వ్యాసం తగ్గేకొద్దీ ఆర్పీఎం పెంచుతూ పోతుంది. 120 మి.మీ. ఫ్లాంజి మీద నిమిషానికి 180 మీటర్లంటే అంచులో 477 ఆర్పీఎం, 51 మి.మీ. దగ్గరికి వచ్చేసరికి 1125. మీరు లో రేంజిలో ఉంటే స్పీడ్ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత బిట్టు లోపలికి పోయేకొద్దీ కటింగ్ స్పీడ్ పడిపోతూ 10 మి.మీ. వ్యాసం దగ్గర నిమిషానికి 35 మీటర్లే మిగులుతుంది. కార్బైడ్ బిట్టుకు అది చాలదు. లోహం మొనకు అంటుకుని ముఖాన్ని గీరుతుంది.

కట్ నడుస్తుండగా గేరు మారదు. అందుకే రఫ్ ఫేసింగ్ ఎం41లో ముగించి, స్పిండిల్ ఆపి, ఫినిష్ ఫేసింగ్‌ను ఎం42లో చేయాలి. ఫినిష్ కట్ 0.5 మి.మీ. లోతు, 0.15 ఫీడ్ అయితే అంచు దగ్గర కావలసిన టార్క్ 10 న్యూటన్ మీటర్లే. హై రేంజి దాన్ని సునాయాసంగా లాగుతుంది.

ప్రోగ్రాం మొదట జీ50 ఎస్2000 అని ఎందుకు రాస్తారు? రాయకపోతే ఏమవుతుంది?

జీ96లో వ్యాసం సున్నాకు దగ్గరైతే లెక్క ప్రకారం ఆర్పీఎంకు హద్దే ఉండదు. జీ50తో ఇచ్చిన ఎస్ విలువే దానికి కట్టుకొయ్య. అది లేకపోతే స్పిండిల్ ఆ రేంజి గరిష్ఠం దాకా పోతుంది. చక్‌లో ఉన్నది వంకర కాస్టింగ్ అయితే జరిగేది ఊహించుకోవచ్చు.

కొన్ని జాగ్రత్తలు:

- జీ50 ఉన్న లైనులో ఎక్స్, జడ్ విలువలు రాయకండి. రాస్తే అది కోఆర్డినేట్‌ను మార్చే ఆజ్ఞ అవుతుంది.
- ఫానుక్ ‘బీ’, ‘సీ’ పద్ధతుల్లో ఇదే పనికి జీ92. సీమెన్స్‌లో లిమ్స్ అని రాసి సమానం గుర్తు పెట్టి విలువ ఇవ్వాలి. మామూలు కంప్యూటర్‌లో నడిచే ఉచిత కంట్రోలర్ లినక్స్‌సీఎన్‌సీలో జీ96 లైనులోనే డీ2000 ఎస్180 అని ఇస్తారు.
- ప్రోగ్రాంను మధ్యలోంచి మొదలుపెడితే పైనున్న జీ50 లైను చదవకుండానే పోతుంది. కరెంటు పోయి వచ్చాక ఇన్సర్ట్ మార్చి నేరుగా ఫినిషింగ్ టూల్ దగ్గరికి దూకే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఈ ప్రమాదాన్ని తప్పించడానికి ప్రతి టూల్ మొదట జీ50, రేంజి ఎం కోడ్, జీ96 లేదా జీ97 (ఆర్పీఎంను మారకుండా ఉంచే కోడ్) మూడూ మళ్లీ రాయండి. రేంజి మారనప్పుడు ఈ మూడు లైన్లకు ఒక సెకను కూడా పట్టదు.
- జీ96 నుంచి జీ97కు వచ్చేటప్పుడు ఎస్ విలువ తప్పక రాయండి. లేకపోతే చివర ఉన్న ఆర్పీఎంతోనే తిరుగుతుంటుంది. ఫేసింగ్ మధ్యలో ముగిస్తే ఆ చివరి ఆర్పీఎం చాలా ఎక్కువ.

జీ50లో ఎంత విలువ పెట్టాలి?

మిషన్ గరిష్ఠం, చక్ మీద చెక్కిన గరిష్ఠ ఆర్పీఎం, జాబ్ తట్టుకునేది, ఈ మూడింటిలో తక్కువది.

చక్ జాలు (జాబ్‌ను పట్టే దవడలు) బయటి నుంచి లోపలికి పట్టినప్పుడు తిరుగుడు వల్ల వచ్చే బలం జాలను బయటికి లాగుతుంది. ఆ బలం ఆర్పీఎం వర్గంతో పెరుగుతుంది: 2000 నుంచి 3000కు పోతే 2.25 రెట్లు. చక్ మీద చెక్కిన సంఖ్య మామూలు జాలు, పూర్తి హైడ్రాలిక్ ప్రెషర్, మంచి గ్రీజుతో ఉన్నప్పటిది. ఎత్తైన సాఫ్ట్ జాలు వేసినా, సన్నని పైపు నలగొద్దని ప్రెషర్ తగ్గించినా ఆ సంఖ్య మీకు చెల్లదు, తగ్గించాల్సిందే. ప్రెషర్ తగ్గించి, జీ50 పాత విలువే ఉంచి నడపడం ఎంత మాత్రం చేయకూడనిది.

ఎం42 ఇస్తే గేరు పడదు, సైకిల్ అక్కడే ఆగిపోతుంది. ఎక్కడ చూడాలి?

గేరు హెడ్ అయితే ఆజ్ఞ ఇచ్చాక మోటరు కొద్దిగా అటూఇటూ ఊగుతుంది. పళ్లు పంటి మీద పన్ను నిలవకుండా సందులోకి జారడానికే ఆ ఊపు. సిలిండర్ చివరిదాకా పోయాక ఒక స్విచ్ ‘చేరింది’ అని చెబుతుంది. ఆ సంకేతం రాకపోతే కంట్రోలర్ ముందుకు కదలదు.

ముందు హైడ్రాలిక్ ప్రెషర్ గేజ్ చూడండి. తర్వాత చేరినట్టు చెప్పే స్విచ్. ఎక్కువసార్లు దోషం దానిదే: దాని ముందు చిప్స్ పేరుకోవడం, బ్రాకెట్ సడలి స్విచ్ పక్కకు జరగడం, వైరులోకి కూలెంట్ దిగడం. ఫానుక్ డయాగ్నసిస్ పేజీలో ఆ ఇన్‌పుట్ 0 నుంచి 1కి మారుతుందో లేదో చూస్తే సగం తేలిపోతుంది. స్విచ్ బాగుంటే సోలెనాయిడ్ కాయిల్‌కు వోల్టేజి వస్తుందా, వాల్వ్ ఇరుక్కుందా అన్నది చూడాలి. మోటరు అసలు ఊగడమే లేదంటే గేరు మార్పు సమయంలో ఇచ్చే మోటరు స్పీడ్ పరామీటరు 3732 సున్నాగా ఉందేమో చూడండి.

మెయిన్ స్విచ్ ఆపి చక్‌ను చేత్తో పావు చుట్టు తిప్పి మళ్లీ ప్రయత్నిస్తే గేరు పడిందంటే పళ్లు ఎదురెదురు నిలిచాయని అర్థం. రోజూ అలా చేయాల్సి వస్తుంటే పళ్ల అంచులు అరిగాయి, హెడ్‌స్టాక్ తెరిచి చూడక తప్పదు.

స్పిండిల్ తిరుగుతుండగా గేరు మార్చే ఆజ్ఞ ప్రోగ్రాంలో పెట్టకండి. ఎం05 (స్పిండిల్ ఆపు), ఆపై ఎం41 లేదా ఎం42, ఆపై ఎస్ విలువతో ఎం03 (స్పిండిల్ తిప్పు). ఈ వరస తప్పొద్దు.

స్క్రీన్ మీద 600 ఉంది, టాకోమీటరు (ఆర్పీఎం కొలిచే మీటరు) 200 చూపిస్తుంది. ఏది నిజం?

టాకోమీటరు. ఎన్‌కోడర్ (నిజంగా తిరిగిన చుట్లు కొలిచే సెన్సర్) లేని మిషన్‌లో స్క్రీన్ మీదది మీరిచ్చిన ఆజ్ఞ మాత్రమే.

బెల్టు ఒక మెట్టు మీద ఉండి, కంట్రోలర్ ఇంకో మెట్టు అనుకుంటే ఇలా అవుతుంది. 50 హెర్ట్జ్‌కు 1440 ఆర్పీఎం తిరిగే మోటరును డ్రైవ్‌తో 75 హెర్ట్జ్ దాకా నడిపితే 2160. హై బెల్టు 1:1 అయితే స్పిండిల్ గరిష్ఠం 2160, లో బెల్టు 3:1 అయితే 720. డ్రైవ్‌కు పోయేది 0 నుంచి 10 వోల్టుల సంకేతం. హై రేంజి అనుకుని ఎస్600 ఇస్తే కంట్రోలర్ 2.78 వోల్టులు పంపుతుంది. బెల్టు నిజానికి ‘లో’ మెట్టు మీద ఉంటే స్పిండిల్ 200 మాత్రమే తిరుగుతుంది. ఇది నష్టం తక్కువ తప్పు.

అటుదిటు అయితేనే ప్రాణం మీదికి వస్తుంది. కంట్రోలర్ ‘లో’ రేంజి అనుకుని 8.33 వోల్టులు పంపితే, ‘హై’ మెట్టు మీద ఉన్న బెల్టు అదే ఎస్600కు స్పిండిల్‌ను 1800లో తిప్పుతుంది. చేత్తో బెల్టు మార్చే ప్రతి మిషన్‌లో బెల్టు తొట్టి దగ్గర, మోటరు ప్లేటు స్థానాన్ని పట్టే ఒక మైక్రోస్విచ్ పెట్టి, రేంజి సంకేతాన్ని దాన్నుంచే తీసుకోండి. ఆపరేటర్ గుర్తుపెట్టుకుని ఎం కోడ్ కొడతాడన్న భరోసా మీద వదలొద్దు.

వోల్టేజి, ఆర్పీఎం సరిపోయేలా సర్దేది ఎలా?

ఫానుక్‌లో అనలాగ్ స్పిండిల్ అయితే గేరు 1 నుంచి 4 దాకా గరిష్ఠ స్పీడ్‌లు పరామీటర్లు 3741, 3742, 3743, 3744లో ఉంటాయి. పై మిషన్‌కు 3741లో 720, 3742లో 2160. ఏ గేరులో ఉన్నామో కంట్రోలర్‌కు చెప్పేది పీఎంసీ (కంట్రోలర్‌లో స్విచ్‌లు, వాల్వ్‌ల సంగతి చూసే భాగం) నుంచి వచ్చే జీఆర్1, జీఆర్2 సంకేతాలు: రెండూ 0 అయితే మొదటి గేరు, జీఆర్1 ఒక్కటే 1 అయితే రెండోది. లాడర్‌లో (పీఎంసీ ప్రోగ్రాం) ఇది రాకపోతే పరామీటరు ఎంత దిద్దినా మొదటి గేరు లెక్కే నడుస్తుంది.

పాత విలువలన్నీ కాగితం మీద రాసుకున్నాకే మొదలుపెట్టండి.

1. ఎస్0 ఇచ్చి డ్రైవ్ టెర్మినల్ దగ్గర మల్టీమీటరుతో చూడండి. సున్నా రాకుండా స్పిండిల్ మెల్లగా పాకుతుంటే 3731లో ఆఫ్‌సెట్ దిద్దాలి.
2. 3730ను 1000 చేసి, ఆ గేరు గరిష్ఠ ఎస్ ఇచ్చి వోల్టేజి కొలవండి. 10ని కొలిచిన వోల్టేజితో భాగించి 1000తో గుణిస్తే 3730లో పెట్టాల్సిన విలువ వస్తుంది. 9.8 వోల్టులు వస్తే 1020.
3. ఇప్పుడు చక్ మీద మెరుపు టేపు అంటించి టాకోమీటరుతో లో రేంజిలో 200, 400, 600, హైలో 600, 1200, 2000 దగ్గర కొలవండి. చక్ ఖాళీగా ఉంటే జాలు ఊడి రాకుండా ఏదైనా జాబ్ పట్టించి ఉంచండి.

అన్ని చోట్లా ఒకే శాతం తేడా ఉంటే తప్పు డ్రైవ్ గరిష్ఠ ఫ్రీక్వెన్సీలోనో, గేరు పరామీటరులోనో ఉంది. కింద ఎక్కువ, పైన తక్కువ తేడా ఉంటే ఆఫ్‌సెట్. ఒక రేంజి సరిగా ఉండి రెండోది మాత్రమే తప్పితే పుల్లీ నిష్పత్తి లెక్క తప్పింది. పుల్లీ బయటి అంచు కొలిచి లెక్కేస్తే వీ బెల్టు దగ్గర తేడా వస్తుంది, ఎందుకంటే బెల్టు పనిచేసేది బయటి అంచు మీద కాదు, గాడిలో అది కూర్చునే వ్యాసం మీద.

లినక్స్‌సీఎన్‌సీతో మార్చిన లేత్‌లో రెండు రేంజిలు ఎలా పెట్టాలి?

హాల్‌లో (లినక్స్‌సీఎన్‌సీలో సంకేతాలను ఒకదానికొకటి కలిపే భాగం) గేర్‌చేంజ్ అనే కాంపొనెంట్ సరిగ్గా దీని కోసమే ఉంది. కంట్రోలర్ నుంచి వచ్చే స్పీడ్ ఆజ్ఞను దీని స్పీడ్-ఇన్‌కు, దీని స్పీడ్-అవుట్‌ను డ్రైవ్ వైపుకు, బెల్టు మైక్రోస్విచ్‌ను సెల్ పిన్‌కు కలపాలి. మొదటి గేరు స్కేలు ఎప్పుడూ 1. రెండో గేరు దానికంటే ఎన్ని రెట్లు వేగమో స్కేల్2లో ఇవ్వాలి, మన ఉదాహరణలో 3. మ్యాక్స్1 720, మ్యాక్స్2 2160. డ్రైవ్ వైపు స్కేలును మొదటి గేరుకు సరిపోయేలా, అంటే 720కి 10 వోల్టులు వచ్చేలా పెట్టాలి. మిన్1కు 192 పెడితే మొదటి గేరులో మోటరు 20 హెర్ట్జ్ కిందికి పోదు. సొంత ఫ్యాను మోటరు అంతకంటే కింద ఎక్కువసేపు లోడ్ మీద తిరిగితే కాలే ప్రమాదం ఉంది.

స్పిండిల్ అట్-స్పీడ్ పిన్‌ను ఖాళీగా వదలకండి. ఎన్‌కోడర్ నుంచి వచ్చే స్పీడ్‌ను నియర్ కాంపొనెంట్‌తో ఆజ్ఞకు పోల్చి ఆ ఫలితం ఇస్తే, స్పిండిల్ స్పీడ్ అందుకునేదాకా బిట్టు జాబ్‌ను తాకదు. రేంజి తప్పినప్పుడు కూడా మిషన్ ఇక్కడే ఆగిపోతుంది కాబట్టి ఇది రెండో కాపలా.

థ్రెడ్డింగ్‌కు ఏ రేంజి?

ఎప్పుడూ జీ97. జీ96లో వ్యాసం మారేకొద్దీ ఆర్పీఎం మారి లీడ్ (చుట్టుకు మర జరిగే దూరం) తప్పుతుంది. ఎం24 × 3 థ్రెడ్‌ను (24 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. పిచ్; ఇది ఎం కోడ్ కాదు) 1000 ఆర్పీఎంలో తీస్తే కటింగ్ స్పీడ్ 75 మీటర్లు, జడ్ ఫీడ్ నిమిషానికి 3000 మి.మీ. ఆ ఫీడ్ అందుకోవడానికి స్లైడ్‌కు ముందు దూరం కావాలి. మామూలు సర్వో సెట్టింగులో ఈ లెక్కకు సుమారు 6 మి.మీ. అంత చోటు లేకపోతే ఆర్పీఎం తగ్గించండి, లేదంటే మొదటి రెండు మూడు మరల్లో పిచ్ తప్పి నట్టు ఎక్కదు.

రేంజి విషయంలో నియమం ఒకటే: మొదటి పాస్ నుంచి చివరి పాస్ దాకా అదే రేంజి, అదే ఆర్పీఎం. ఎన్‌కోడర్ స్పిండిల్ మీద కాకుండా మోటరు మీద ఉన్న మిషన్‌లో రేంజి నిష్పత్తి తప్పుగా ఉంటే పిచ్ కూడా అదే నిష్పత్తిలో తప్పుతుంది. 3 బదులు 1 మి.మీ. పిచ్ పడిందంటే కారణం అదే.

ఎండాకాలం మధ్యాహ్నం హై రేంజిలో డ్రైవ్ ట్రిప్ అవుతుంది, లో రేంజిలో కాదు. ఎందుకు?

రెండు కారణాలు కలుస్తాయి. లైనులో వోల్టేజి పడితే డ్రైవ్ మోటరుకు అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు. 415 ఉండాల్సిన చోట 360 ఉంటే 50 హెర్ట్జ్ మోటరు 43 హెర్ట్జ్ దగ్గరే పూర్తి వోల్టేజిని అందుకుంటుంది, ఆ పైన టార్క్ పడిపోతూ వస్తుంది. హై రేంజిలో ఆ తగ్గిన టార్క్‌ను పెంచే గేరు లేదు. స్పిండిల్ వెనకబడుతుంది, కరెంటు పెరుగుతుంది, ట్రిప్. రెండోది వేడి. చాలా డ్రైవ్‌ల పూర్తి సామర్థ్యం చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉన్నంతవరకే. మే నెలలో రేకుల షెడ్డులో ప్యానెల్ లోపల అంతకంటే ఎక్కువే ఉంటుంది. ప్యానెల్ ఫిల్టరు వారానికోసారి దులపండి. తలుపు తెరిచి టేబుల్ ఫ్యాను పెట్టడం వద్దు, కూలెంట్ ఆవిరీ ఇనుప ధూళీ బోర్డుల మీద పడతాయి. బరువైన రఫింగ్‌ను పొద్దున షిఫ్టులో పెట్టుకోండి.

హై రేంజికి మార్చగానే మిషన్ మొత్తం వణుకుతుంది. బేరింగ్ పోయిందా?

బేరింగ్ మీద అనుమానానికి ముందు హెడ్‌స్టాక్ వెనక చూడండి. రాడ్డు స్పిండిల్ రంధ్రం దాటి వెనక వేలాడుతుంటే లో రేంజిలో కనిపించని వణుకు హైలో బయటపడుతుంది. ఆ తోక ఒక్కసారి వంగితే కొరడాలా తిరిగి పక్కన నిలబడ్డవారిని కొడుతుంది. రాడ్డును స్పిండిల్ పొడవు లోపలికే కోయండి. రంధ్రానికీ రాడ్డుకూ మధ్య సందు ఎక్కువుంటే సరిపడే లైనర్ గొట్టం వేయండి. అవి రెండూ సరిగా ఉండి, ఖాళీ చక్‌తో తక్కువ ఆర్పీఎంలో కూడా వణికితే అప్పుడు బెల్టు, పుల్లీ, బేరింగ్ వరసగా చూడండి.

ఫినిషింగ్‌లో షాఫ్టు మీద సమాన దూరంలో సన్నని గీతలు పడుతున్నాయి.

గేరు పళ్ల ఒరిపిడి ముద్ర కావచ్చు. అదే ఆర్పీఎంను ఇంకో రేంజిలో పెట్టి 50 మి.మీ. పొడవు కోసి చూడండి. గీతల మధ్య దూరం మారితే దోషం గేర్లది లేదా బెల్టుది. మారకపోతే బిట్టు, టెయిల్‌స్టాక్, జాబ్ పొడవు వైపు వెతకాలి. అక్కడ ముందుగా ఆర్పీఎంను 10 శాతం అటూఇటూ మార్చి చూడడం ఖర్చులేని పరీక్ష.